పిల్లలకు ట్రాక్టర్ తోలడం ఎలా నేర్పాలి?

మన ఊళ్లలో చాలామందికి తెలిసిన పద్ధతి ఒకటే: పిల్లాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని స్టీరింగు చేతికివ్వడం. స్టీరింగు ఎవరికైనా పూటలో వస్తుంది. బండి ఆపడం రాదు. కాబట్టి అదే ముందు నేర్పాలి.

వీపు సీటుకు ఆనించి, ముందుకు జారకుండా, ఎడమకాలితో క్లచ్‌ను పూర్తిగా తొక్కగలిగితేనే మొదలుపెట్టండి. అందకపోతే వచ్చే ఏడాది చూద్దాం అనండి. అంతేగానీ వీపు వెనక దిండు పెట్టకండి. కాలు అందినా 14 ఏళ్లలోపు వద్దు. బ్రిటన్‌లో అయితే 13 ఏళ్లలోపు పిల్లల్ని వ్యవసాయ పనిలో ఉన్న ట్రాక్టర్ ఎక్కించడమే నేరం. ఇక్కడ 18 నిండి లైసెన్సు వచ్చేదాకా రోడ్డెక్కకూడదు. ఎక్కితే 2019 చట్ట సవరణ ప్రకారం తండ్రికో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా.

కోతలయ్యి ఆరిన ఎకరం చదును చేను చాలు. దగ్గర్లో బావి, కాలువ, కరెంటు స్తంభం ఉండకూడదు. వెనక తగిలించిన ట్రక్కు (ట్రాలీ), మట్టి గుల్లచేసే రోటవేటర్ విప్పేయండి. పీటీఓ, అంటే వెనక పనిముట్లను తిప్పే షాఫ్టు, న్యూట్రల్‌లో పెట్టండి. ఎడమ, కుడి వెనక చక్రాలకు వేర్వేరుగా ఉండే రెండు బ్రేకులనూ కలిపే లాకు వేయండి, లేకుంటే ఒక్క బ్రేకే పడి బండి పక్కకు లాగేస్తుంది.

ఇంజన్ ఆపి ఉంచి ముందు అలవాటు చేయించండి: క్లచ్, బ్రేకు, న్యూట్రల్, ఇంజన్ ఆపే నాబ్ లాగడం. కళ్లు మూసుకుని చేయగలిగాక తాళం ఇవ్వండి.

ఇక అసలు పని, క్లచ్ వదలడం. చేతి యాక్సిలరేటర్ తగ్గించి, లో రేంజిలో (తక్కువ వేగాల వరసలో) రెండో గేరు వేయించండి. మొదటి గేరులో బండి పాకుతుంది, కాలు తప్పు చేసినా తెలీదు. క్లచ్ కొంచెంకొంచెంగా పైకి రానిస్తే సగంలో ఒకచోట ఇంజన్ శబ్దం బరువెక్కుతుంది, బానెట్ సన్నగా వణుకుతుంది. పాదం అక్కడ ఆగాలి. చక్రం కదిలాకే మిగతాది వదలాలి.

పిల్లలు అక్కడ ఆగరు, ఠక్కున వదిలేస్తారు. చదును నేల మీద, తక్కువ రేజింగులో అయితే ఒక కుదుపుతో ఇంజన్ ఆగిపోతుంది. రేజింగు ఎక్కువున్నా, వెనక బరువున్నా, చక్రం బురదలో బిగుసుకున్నా ముందు చక్రాలు లేస్తాయి. వెనక చక్రం తిరగలేనప్పుడు ఆ బలమంతా బండినే ఇరుసు చుట్టూ వెనక్కి తిప్పుతుంది. దూకే టైము ఉండదు. మూతి లేచిందనిపించగానే క్లచ్ పూర్తిగా తొక్కేయాలి, బ్రేకు ఆ తర్వాత. ఈ ఒక్క వరస కాలికి పట్టేదాకా పది అడుగులు నడిపి ఆపడం, మళ్లీ పది అడుగులు, అంతే. పిల్లాడు విసుక్కున్నా సరే, మలుపుల జోలికి పోకండి.

నేర్పేవాళ్లు మడ్‌గార్డు మీద కూర్చోకూడదు. ఒక్క కుదుపుకి జారితే పడేది పెద్ద చక్రం కిందే. లో గేరులో బండి మనిషి నడకను మించదు, వెనక చక్రానికి రెండు బారల దూరంలో పక్కనే నడవండి. సీటు మీద ఒక్కరే ఉండాలి, తమ్ముడికీ చోటు లేదు. రోల్‌బార్ (బండి తిరగబడినా మనిషి నలగకుండా సీటు వెనక ఉండే ఇనుప కమ్మీ) ఉన్న బండికైతే బెల్టు పెట్టించండి. రోల్‌బార్ లేకపోతే బెల్టు వద్దు, తిరగబడినప్పుడు మనిషిని బండి కిందే కట్టేస్తుంది.

పాదం క్లచ్ మీద ఆనించి తోలడం మొదటిరోజే మాన్పించండి, క్లచ్ ప్లేటూ బేరింగూ రెండూ పోతాయి.

తర్వాత మలుపులు, రివర్సు, ఖాళీ కల్టివేటర్ ఎత్తి దించడం. ఇవి తేలిక. ట్రక్కు తర్వాతి సంగతి. దమ్ము చక్రాలతో (బురద దున్నే ఇనుప చక్రాలతో) బండిని పొలం గట్టు ఎక్కించడం మాత్రం పెద్దవాళ్లకే వదిలేయండి. బురదలో దిగబడితే చక్రం కింద దుంగ పెట్టి ముందుకు లాగించకండి, ఇందాక చెప్పినట్టు బండి వెనక్కి తిరగబడేది అక్కడే. మన్ను తవ్వి, రివర్సులో తీయండి.