కాలేజీ ఆటగాడి షూటింగ్‌ను అంచనా వేయాలంటే
అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో జట్లు కొత్తవారిని ఎంచుకునే డ్రాఫ్ట్‌కు ముందు కాలేజీ ఆటగాళ్లను పరిశీలించేవారు త్రీ పాయింటర్ల (దూరపు గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) శాతంతో పాటు ఫ్రీ త్రో (ఫౌల్ జరిగినప్పుడు దక్కే ఉచిత షాట్) శాతాన్నీ తప్పక చూడాలి. సీజన్ మొత్తంలో వంద త్రీలు వేసిన కుర్రాడి లెక్కల్లో అదృష్టం పాలు ఎక్కువ. పైగా కాలేజీలో త్రీ పాయింట్ గీత 22 అడుగుల 1¾ అంగుళాల దూరంలో ఉంటే, ఎన్‌బీఏలో అది, మూలల్లో తప్ప, 23 అడుగుల 9 అంగుళాలు. ఫ్రీ త్రో గీత మాత్రం రెండుచోట్లా 15 అడుగులే, ఎదురుగా అడ్డుకునేవాడూ ఉండడు కనుక చేతి నైపుణ్యం నికరంగా తెలుస్తుంది. శాన్ డియాగో స్టేట్ యూనివర్సిటీలో ఆడిన రోజుల్లో కవాయ్ లెనార్డ్ త్రీలు 30 శాతం లోపే పడ్డా, ఫ్రీ త్రోలు సుమారు 75 శాతం పడ్డాయి. 2011లో 15వ స్థానంలో ఎంపికైన అతడు తర్వాత నమ్మదగిన షూటర్ అయ్యాడు (అందులో అతడి ఎన్‌బీఏ జట్టు స్పర్స్ కోచ్‌ల కృషీ ఉందనుకోండి). వీడియోలో చివరి నిమిషాల ఫ్రీ త్రోలను వరుసగా చూసి, అలసిన కాళ్లతోనూ మోచేయి అదే తీరుగా లేస్తోందా అని గమనించండి.