బ్రిటన్‌లో హస్టింగ్స్‌కు వెళ్లాలనుకుంటున్నారా? ముందు ఓటు నమోదు చేసుకోండి

కౌన్సిల్ (స్థానిక పాలక సంస్థ) ఎన్నికల ముందు అభ్యర్థులందరినీ ఒకచోట కూర్చోబెట్టి ఓటర్లు ప్రశ్నలడిగే సభను బ్రిటన్‌లో హస్టింగ్స్ అంటారు. లండన్‌లోని ఈస్ట్ హామ్‌లోనో హౌన్స్‌లోలోనో ఏళ్లుగా ఉంటున్న మనవాళ్లు కూడా చాలామంది వీటి వైపు చూడరు. 'మనది ఇండియన్ పాస్‌పోర్టు, మనకిక్కడ ఓటెక్కడిది' అంటారు. ఓటుంది. వీసా మీద ఇక్కడ నివాసముంటున్న భారతీయులు కామన్‌వెల్త్ పౌరుల కింద కౌన్సిల్ ఎన్నికల్లోనూ పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటేయవచ్చు. స్టూడెంట్, స్కిల్డ్ వర్కర్, డిపెండెంట్, ఏ వీసా అయినా సరే. దీనివల్ల మీ భారత పౌరసత్వానికి ఏమీ కాదు.

సభకు వెళ్లడం తేలికే. ప్రభుత్వం పెట్టేది కాదు కాబట్టి దానికి దరఖాస్తంటూ ఉండదు. చర్చిలు, కాలనీ సంఘాలు, స్థానిక పత్రికలు పెడతాయి. సాధారణంగా ప్రవేశం ఉచితం. కొన్నిచోట్ల ముందుగా పేరిచ్చి, ప్రశ్న రాసి పంపమంటారు. మీ పోస్ట్‌కోడ్ ఏ వార్డులోకి వస్తుందో చూసుకుని ఆ వార్డు సభకే వెళ్లండి. అభ్యర్థులందరినీ పిలిచారో లేదో కూడా కనుక్కోండి. కొందరినే పిలిస్తే అది ప్రచార సభ కిందే లెక్క.

మనవాళ్లు దెబ్బతినేది తేదీల దగ్గర. 'సభకు వెళ్లి విందాం, ఎవరైనా నచ్చితే అప్పుడు నమోదు చేసుకుందాం' అనుకుంటారు. ఇంగ్లండ్‌లో నామినేషన్ల గడువు పోలింగ్‌కు 19 పని దినాల ముందు ముగుస్తుంది. బరిలో ఎవరున్నారో ఖాయమయ్యేది ఆ తర్వాతే కాబట్టి సభలు ఎక్కువగా ఆ చివరి వారాల్లోనే జరుగుతాయి. ఓటు నమోదుకు గడువేమో పోలింగ్‌కు 12 పని దినాల ముందు అర్ధరాత్రితో సరి. 2026 మే 7 నాటి లండన్ బరో (లండన్‌లోని స్థానిక కౌన్సిళ్ల) ఎన్నికలనే తీసుకోండి. నామినేషన్లకు ఆఖరి రోజు ఏప్రిల్ 9, ఓటు నమోదుకు ఆఖరి రోజు ఏప్రిల్ 20. ఏప్రిల్ చివర్లో సభకు వెళ్లి, అభ్యర్థి జవాబు నచ్చి, ఇంటికొచ్చి ఫారం తెరిస్తే ఆ ఎన్నికకు ఓటు లేనట్టే. అందుకే ఎన్నికలతో పని లేకుండా, ఇల్లు మారిన వారంలోనే నమోదు చేసుకోండి. ఇల్లు మారిన ప్రతిసారీ మళ్లీ చేసుకోవాలి.

నమోదు ప్రభుత్వ వెబ్‌సైట్ జీఓవీ డాట్ యూకేలో ఉచితం. పట్టుమని పది నిమిషాల పని. దీనికి పౌండ్లడిగే వాళ్లుంటే దూరం పెట్టండి. జాతీయత అడిగిన చోట 'ఇండియన్' అనే పెట్టండి. ఎవరో చెప్పారని 'బ్రిటిష్' అని పెట్టొద్దు, తప్పుడు సమాచారం ఇవ్వడం నేరం. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు అడుగుతారు. అది ఇంకా రాకపోతే కారణం రాయవచ్చు, అప్పుడు కౌన్సిల్ వాళ్లు వేరే గుర్తింపు పత్రాలు అడుగుతూ ఉత్తరం రాస్తారు. షేరింగ్ ఇళ్లలో ఈ ఉత్తరం ప్రకటనల కాగితాల్లో కలిసిపోయి చెత్తబుట్టకు పోతుంది. జవాబివ్వకపోతే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. అనుమానముంటే కౌన్సిల్ ఎలక్టోరల్ సర్వీసెస్‌కు ఫోన్ చేసి పేరు చేరిందా అని అడగండి, చెబుతారు.

పోలింగ్ రోజు ఫొటో గుర్తింపు చూపించాలి. ఇంగ్లండ్‌లో స్థానిక ఎన్నికలకు 2023 మే నుంచి ఈ నిబంధన ఉంది. భారత పాస్‌పోర్టు చెల్లుతుంది, మన ఊరి డ్రైవింగ్ లైసెన్సు చెల్లదు. ఫోన్‌లో పాస్‌పోర్టు ఫొటో, ఈ-వీసా పేజీ చూపించి వెనక్కి వచ్చేసినవాళ్లు మనలో ఉన్నారు. కాగితం పాస్‌పోర్టే చేతిలో ఉండాలి. అది రెన్యువల్‌కు వెళ్లి ఉంటే కంగారొద్దు. ఓటర్ అథారిటీ సర్టిఫికెట్ అని ఉచితంగా ఇస్తారు. పోలింగ్‌కు 6 పని దినాల ముందు సాయంత్రం 5 గంటల్లోపు దరఖాస్తు చేయాలి, అప్పటికే ఓటరుగా నమోదయ్యుండాలి.

పోస్టల్ ఓటు తీసుకునేవాళ్లకు ఒక మాట. కాగితం నింపి కవరు అంటించి మీరే పోస్టు డబ్బాలో వేయండి. 'నేను వేసేస్తాలే అన్నా' అని ఇంటికొచ్చే పార్టీ మనిషి మనూరివాడైనా, బంధువుల స్నేహితుడైనా చేతికివ్వొద్దు. ప్రచారం చేసేవాళ్లు బయటివాళ్ల పోస్టల్ ఓట్లు పట్టుకోవడం 2024 మే నుంచి నేరం.

సభలో ఏం అడగాలా అని తటపటాయించకండి. కౌన్సిల్ చేతిలో ఉన్న పనులేమిటో చూసుకుంటే చాలు: చెత్త సేకరణ, పార్కింగ్ పర్మిట్లు, లైబ్రరీలు, కౌన్సిల్ ట్యాక్స్, ఒకే ఇంట్లో అయిదారుగురిని పెట్టి అద్దె వసూలు చేసే ఇళ్ల లైసెన్సులు. ఆ చివరిది మన విద్యార్థులకు నేరుగా తగిలే విషయం. గది ఫొటో తీసుకెళ్లి, ఇలాంటి ఇంటికి లైసెన్సు ఎలా వచ్చిందని నిలబడి అడగండి. ఇంగ్లిష్ తడబడితే కాగితం మీద రాసుకుని చదవండి. లండన్‌లో చాలా వార్డుల్లో ముగ్గురు కౌన్సిలర్లుంటారు, బ్యాలెట్ మీద ముగ్గురి వరకూ గుర్తు పెట్టవచ్చు. కాబట్టి మొదటి అభ్యర్థి జవాబు విని లేచి రాకుండా మిగతావాళ్లేమంటారో కూడా రాసుకోండి.