పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఎలా?

విజయనగరంలో సిరిమానోత్సవానికి చుట్టాలు వస్తున్నారంటే ముందు ఇల్లు దులుపుతారు. దులిపినప్పుడల్లా ఎవరో ఒకరి అటక మీది రేకుపెట్టెలోంచి క్యాసెట్లు బయటపడతాయి. తాతగారు చెప్పించిన హరికథ, పెద్దక్క వయొలిన్ పాఠం, ఎవరి పెళ్లిదో సన్నాయి మేళం. ఇంట్లో కుర్రాడు వెంటనే టేపు రికార్డరు మోగించి, దాని స్పీకరు ముందు ఫోను పెట్టి రికార్డు చేసేస్తాడు. అందులో ఫ్యాను గిరగిర ఉంటుంది, కుక్కరు కూత ఉంటుంది, "వీధి తలుపు తీసి ఉంది, చూడండర్రా" అనే మామ్మగారి కేక ఉంటుంది. వీటన్నిటి అడుగున ఎక్కడో హరికథ ఉంటుంది. ఆ ముక్కను నాకు పంపి, "మామయ్యా, కాస్త శుభ్రం చేసి పెట్టవా" అంటాడు. కుక్కరు కూతలోంచి దాసుగారి గొంతును విడదీసే విద్య నాకు రాదు. అందుకే ఈసారి పద్ధతంతా రాసి పెడుతున్నాను.

పరికరాల సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. పనిచేసే టేపు డెక్కు, కంప్యూటర్, రెండింటినీ కలిపే వైరు, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు కావాలి. సాఫ్ట్‌వేర్‌గా ఆడాసిటీ చాలు, అది ఉచితం. వేరేవి ఉన్నాయి గానీ వాటి జోలికి వెళ్లనక్కరలేదు. ఇంట్లోని డెక్కు తిరగకపోతే లోపలి రబ్బరు బెల్టు కరిగి జిగురుగా మారి ఉంటుంది. గంటస్తంభం చుట్టుపక్కల పాత రేడియోలు బాగుచేసేవారిని అడిగితే మార్చి ఇస్తారు. నేరుగా యూఎస్‌బీకి తగిలించే చిన్న ప్లాస్టిక్ క్యాసెట్ ప్లేయర్లు ఆన్‌లైన్‌లో చవకగా దొరుకుతాయి. కొనకండి. వాటి మోటారు ఒకే వేగంతో తిరగదు, రాగం గాలిలో దీపంలా ఊగుతుంది. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు ఇది. శ్రుతి అర మెట్టు జారితే పక్కింటివారు కూడా పట్టేస్తారు.

డెక్కులో పెట్టేముందు

క్యాసెట్ పైఅంచున రెండు మూలలా చిన్న ప్లాస్టిక్ పలకలు ఉంటాయి. వాటిని విరిచేయండి. అవి లేకపోతే పొరపాటున రికార్డు మీట నొక్కినా నొక్కుడు పడదు. తాతగారి గొంతు మీద మీ దగ్గు రికార్డయ్యే ప్రమాదం అక్కడితో తప్పుతుంది.

తర్వాత కిటికీ దగ్గర వెలుతురులో టేపును చూడండి. చుట్ట అంచు మీద తెల్లటి పొడి కనిపిస్తే అది బూజు. మన సముద్రతీరపు చెమ్మకు ఇది మామూలే. బూజు పట్టిన టేపును ఎట్టి పరిస్థితిలోనూ మోగించవద్దు. ఆ బూజు డెక్కులో టేపును చదివే హెడ్డుకు అంటుకుని, తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. దాన్ని విడిగా ఉంచి, చేయి తిరిగినవారికి ఇవ్వండి. మిగిలిన వాటిని ఆరు పలకల పెన్సిలుతో రెండు మూడు చుట్లు తిప్పి, వదులు పోయేలా బిగించండి.

హెడ్డును, దాని పక్కన ఉండే రబ్బరు చక్రాన్ని తుడవాలి. మొబైల్ బాగుచేసే దుకాణాల్లో ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) అనే ద్రవం సీసాల్లో అమ్ముతారు. దూదిపుల్లను అందులో కొద్దిగా ముంచి, పుల్లకు గోధుమరంగు అంటడం ఆగేవరకు తుడిచి, ఆరనివ్వండి. సెంటు సీసాతో తుడిచినవారిని కూడా చూశాను. వారి డెక్కు వాసన బాగుంది, శబ్దం మాత్రం రాలేదు.

వైరు ఏ రంధ్రంలో పెట్టాలి?

డెక్కు వెనక ఎరుపు, తెలుపు గుండ్రటి సాకెట్లు ఉంటే వాటినుంచే తీసుకోండి. అవి లేని చిన్న టేపు రికార్డరైతే హెడ్‌ఫోను రంధ్రమే గతి.

కంప్యూటర్ వైపు సంగతి వేరు. పాత డెస్క్‌టాప్ వెనక మూడు రంగుల రంధ్రాలు ఉంటాయి. ఆకుపచ్చది బయటికి పంపేది, గులాబీది మైకుకు, నీలంది లైన్-ఇన్. మనకు కావలసింది నీలం. ల్యాప్‌టాప్‌కు ఉండే ఒకే ఒక్క రంధ్రం హెడ్‌ఫోనుకూ మైకుకూ కలిపి చేసింది. అందులో లోపలికి వెళ్లే దారి మైకుదే. మైకు నుంచి వచ్చే సంకేతం చాలా బలహీనం కాబట్టి కంప్యూటర్ దాన్ని ఎన్నో రెట్లు పెంచుకుంటుంది. అదే దారిలో డెక్కు నుంచి వచ్చే బలమైన సంకేతాన్ని పంపితే పిల్ల కాలువలోకి నాగావళి వరదను వదిలినట్టే. పైగా ఆ దారి ఒంటి ఛానెల్‌ది. కుడి, ఎడమ తేడా పోతుంది. ల్యాప్‌టాపే ఉన్నవారు ఎరుపు, తెలుపు సాకెట్లు ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనుక్కోవాలి. గులాబీ రంధ్రంతో బొటనవేలంత ఉండే చవక రకంలో ఉన్నదీ మళ్లీ మైకు దారే. అది కొన్నా ఒకటే, కొనకపోయినా ఒకటే. నన్నడిగితే అటకెక్కిన డెస్క్‌టాప్‌ను దించడమే ఉత్తమం. క్యాసెట్ల కోసం అటక ఎలాగూ ఎక్కారు కదా.

అన్నీ తగిలించాక హెడ్‌ఫోన్లలో సన్నగా బుయ్ మనే మోత వినిపిస్తే అది కరెంటు మోత. ల్యాప్‌టాప్ ఛార్జరు పీకేసి బ్యాటరీ మీద నడపండి. చాలాసార్లు అక్కడికక్కడే ఆగిపోతుంది.

లెవెల్: పని చెడేది ఇక్కడే

ఇంతవరకు చెప్పింది చేయలేనివారు ఉండరు. నా దగ్గరికి వచ్చే పాడైన రికార్డింగుల్లో ఎక్కువ భాగం ఇక్కడినుంచి చెప్పబోయే దాంట్లోనే చెడ్డవి. కాబట్టి నెమ్మదిగా చదవండి.

ముందు కంప్యూటర్ చూపించే అతితెలివిని అణచాలి. విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి, సిస్టమ్‌లో సౌండ్‌కు వెళ్లి, మీరు వైరు పెట్టిన ఇన్‌పుట్ మీద నొక్కితే ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అని ఉంటుంది. దాన్ని ఆఫ్ చేయండి. ల్యాప్‌టాప్ కంపెనీ విడిగా ఇచ్చిన నాయిస్ క్యాన్సిలేషన్ ఏదైనా ఉంటే అదీ ఆపేయండి. ఇవి వీడియో కాల్స్‌లో మాట స్పష్టంగా వినపడటానికి పెట్టినవి. మాట కానిదంతా వాటి లెక్కలో రొద. తంబురా శ్రుతి ఎడతెగకుండా మోగుతుంది కాబట్టి వాటికి అదీ ఫ్యాను మోతే.

ఇది నేను డబ్బిచ్చి కాదు, టేపు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం. పాలకొండ వైపు మా పెదనాన్నగారి ఊళ్లో, జాతరలో ఎవరో రికార్డు చేసిన జముకుల కథ క్యాసెట్ ఒకటి నా చేతికి వచ్చింది. వైరు పెట్టాను, మీట నొక్కాను, గంటసేపు వేరే పని చూసుకున్నాను. తర్వాత వింటే కథ చెప్పే ఆవిడ గొంతు ఉంది, జముకు లేదు. ఆ తీగ మోత వచ్చినచోటల్లా కంప్యూటర్ దాన్ని రొద అనుకుని మింగేసింది. వంత పాడేవారు ఆగిన క్షణాల్లో మాత్రం టేపు బుస ఒక్కసారిగా పైకి లేచింది. సరే, మళ్లీ మోగిద్దామని టేపును వెనక్కి తిప్పుతుంటే సగంలో తెగి, చక్రం చుట్టూ చుట్టుకుపోయింది. పెదనాన్నగారు ఒక్క మాటా అనలేదు. అని ఉంటేనే బాగుండేది.

ఇప్పుడు లెవెల్, అంటే కంప్యూటర్‌లోకి వచ్చే ధ్వని ఎత్తు. ఆడాసిటీలో రికార్డింగ్ మీటరు మీద నొక్కితే, రికార్డు చేయకుండానే ధ్వని ఎంత ఎత్తుకు వెళుతున్నదో చూపిస్తుంది. ఆ కొలమానం కుడి చివర 0 దగ్గర ముగుస్తుంది. దానికి ఎడమవైపు అన్నీ మైనస్ అంకెలే. ధ్వని ఎంత గట్టిగా ఉన్నా మైనస్ 6 దాటకుండా చూడాలి. 0ను తాకిందంటే తరంగం పైభాగం కత్తిరించినట్టు చదును అవుతుంది, చెవికి గొంతు పగిలినట్టు వినిపిస్తుంది. ఆ తెగిన భాగాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. ఊహించి అతుకు వేస్తుంది, అంతే. తక్కువ లెవెల్‌లో చేసినదాన్ని తర్వాత ఎప్పుడైనా పెంచుకోవచ్చు.

టేపు డెక్కులతో పెరిగిన నా వయసువారు ఇక్కడ వాదనకు దిగుతారు. సూది కాస్త ఎరుపులోకి వెళితేనే రికార్డింగ్ బలంగా వస్తుందంటారు. టేపు మీద అది నిజమే. టేపుకు స్వతహాగా బుస ఉంటుంది, దాన్ని దాటడానికి గట్టిగా నింపేవాళ్లం. కంప్యూటర్‌లో ఆ అవసరమే లేదు. 16 బిట్ల రికార్డింగ్‌కు అతి మెల్లని ధ్వని నుంచి అతి గట్టి ధ్వని దాకా 96 డెసిబెళ్ల వరకు వ్యాప్తి ఉంటుంది. ఇంట్లో చేసిన క్యాసెట్ అందులో మూడింట రెండు వంతులు కూడా వాడుకోదు. పైన కొంత ఖాళీ వదిలితే పోయేది ఏమీ లేదు.

మొదటి నిమిషం విని లెవెల్ పెట్టేయడం అందరూ చేసే పొరపాటు. హరికథ ప్రార్థనతో మెల్లగా మొదలవుతుంది. గంట గడిచేసరికి దాసుగారు చిందేస్తుంటారు, మృదంగం ఉరుముతుంటుంది, జనమంతా "గోవిందా" అని ఒక్క గొంతుతో అరుస్తారు. ప్రార్థనకు సరిపోయిన లెవెల్ ఆ గోవిందలకు సరిపోదు. అందుకని క్యాసెట్ గట్టిదైతే రెండో వైపు చివరి భాగం కొంత విని, అక్కడ కొలత పెట్టుకుని, మొదటికి రండి. టేపు నాజూకుగా ఉంటే ముందుకూ వెనక్కూ తిప్పవద్దు. అలాంటిదాన్ని మీరు ఒక్కసారే మోగించగలరన్న లెక్కలో ఉండాలి. ఏదైనా పాత సినిమా పాటల క్యాసెట్ పెట్టి వైర్లూ సెట్టింగులూ ముందే సరిచూసుకుని, అసలు క్యాసెట్‌కు లెవెల్ మైనస్ 12 దగ్గర ఉంచి, ఇక ముట్టుకోకండి.

ఇంకో మోసం కూడా ఉంది. మీటరు మైనస్ 6 దాటలేదు, అయినా గొంతు పగిలి వినిపిస్తుంది. హెడ్‌ఫోను రంధ్రం నుంచి తీసుకునేవారికి ఇది తరచు ఎదురవుతుంది. టేపు రికార్డరు వాల్యూమ్ ఒకటి, కంప్యూటర్ లెవెల్ ఇంకొకటి, దారిలో రెండు మలుపులు ఉన్నాయి. మొదటిదాన్ని పూర్తిగా పెంచి రెండోదాన్ని తగ్గిస్తే, ధ్వని మొదటి మలుపులోనే తెగిపోయి, తెగినదే చిన్నదై లోపలికి వస్తుంది. మీటరుకు అది తెలియదు. టేపు రికార్డరు వాల్యూమ్ సగం దాటనివ్వకండి. అర నిమిషం రికార్డు చేసి, గట్టిగా ఉన్నచోట తరంగాన్ని బాగా పెద్దది చేసి చూడండి. శిఖరాలు గుండ్రంగా ఉండాలి. బల్లలా చదునుగా ఉంటే టేపు రికార్డరు వాల్యూమ్‌ను ఇంకా తగ్గించండి. కళ్లతో చూశాక కూడా హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి. చెవి పట్టినంత వేగంగా మీటరు పట్టదు.

ధ్వని గుడ్డ కప్పినట్టు మొద్దుగా ఉంటే హెడ్డు పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. టేపు నడుస్తుండగా దాన్ని పావు చుట్టు కంటే తక్కువ అటూ ఇటూ తిప్పితే, తాళాల ధ్వని ఒకచోట మెరిసినట్టు వినిపిస్తుంది. అక్కడ ఆపండి. ఈ పనినీ ముందే చేసుకోవాలి, రికార్డింగ్ మధ్యలో కాదు.

ఇక రికార్డు మీట నొక్కండి. 60 నిమిషాల క్యాసెట్‌కు వైపుకు 30 నిమిషాలు. కూర్చుని వినండి. 44100 హెర్ట్‌జ్, 16 బిట్లు, స్టీరియోలో గంటకు సుమారు 600 మెగాబైట్లు అవుతుంది. డబ్ల్యూఏవీ ఫైలుగానే దాచండి. వాట్సాప్‌లో పంపడానికి ఎంపీ3 వేరుగా చేసుకోవచ్చు.

వీడియో క్యాసెట్లు, ఫోటోలు

పెళ్లి వీడియో క్యాసెట్లకూ లెవెల్ సూత్రం ఇదే. వీసీఆర్ నుంచి పసుపు, ఎరుపు, తెలుపు వైర్లు యూఎస్‌బీ క్యాప్చర్ పరికరానికి, అది కంప్యూటర్‌కు, రికార్డు చేయడానికి ఓబీఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. వీడియో రకం పాల్ (మన దేశపు పాత టీవీ పద్ధతి), సెకనుకు 25 ఫ్రేములు, 720 బై 576. చిత్రం ఆకారం 4:3 ఉండాలి. కొత్త టీవీ నిండాలని అడ్డంగా సాగదీసినవారి ఇళ్లలో పెళ్లికూతుళ్లందరూ బొద్దుగా ఉంటారు. చేతులు కదిలినప్పుడు దువ్వెన పళ్లలా గీతలు వస్తే ఓబీఎస్‌లో ఆ వీడియో మీద కుడి మీట నొక్కి, డీఇంటర్లేసింగ్‌లో యాడిఫ్ 2ఎక్స్ పెట్టండి. ఫైలు రకం మాత్రం ఎంకేవీయే. మామూలు ఎంపీ4 అయితే తలంబ్రాల దగ్గర కరెంటు పోయినప్పుడు అప్పటిదాకా చేసినదంతా తెరుచుకోని ఫైలుగా మిగులుతుంది. ఎంకేవీ అయితే పోయిన క్షణం వరకు నిలుస్తుంది.

ఆల్బమ్ ఫోటోలను స్కానర్‌లో 600 డీపీఐ దగ్గర చేయండి. క్యాసెట్ అట్టను కూడా రెండువైపులా స్కాన్ చేయండి. దాని మీద తాతగారి చేతిరాతలో ఉన్న తేదీ, ఊరి పేరు ఇంకెక్కడా ఉండవు. ఫైలు పేరులోనూ అవే రాయండి: సంవత్సరం, ఊరు, గొంతు ఎవరిది, ఏ వైపు. "కొత్త ఫోల్డరు 3" అనే పేరుతో నాకు వచ్చిన హరికథలు ఇప్పటికి చాలా ఉన్నాయి.

ఒక కాపీ మీ దగ్గర, ఇంకొకటి వేరే ఊళ్లో ఉన్న చుట్టాల దగ్గర ఉంచండి. 2018లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా పిన్నిగారి ఇంట్లో కంప్యూటర్, హార్డ్ డిస్కు, క్యాసెట్ల పెట్టె ఒకే బల్ల మీద తడిశాయి. పిన్నిగారి వయొలిన్ పాఠాలు ఇప్పుడు వినిపిస్తున్నాయంటే రాజాంలో ఉన్న ఆడపడుచుగారి ఇంట్లో రెండో కాపీ ఉండటం వల్లనే. అసలు క్యాసెట్లను పారేయకండి. టేపును మొదటికి చుట్టి, డబ్బాలో నిలబెట్టి, గోడకు ఆనించకుండా బీరువాలో పెట్టండి. అటక మీదికి మాత్రం మళ్లీ ఎక్కించవద్దు.