కచేరీకి కెమెరా తీసుకెళ్తున్నారా? ముందు ఇది చూసుకోండి

టికెట్ మీద ఉన్న నిబంధనలు ఇంట్లోనే చదవండి. లెన్స్ విప్పి మార్చుకునే కెమెరాలను చాలాచోట్ల గేటు దగ్గరే ఆపేస్తారు, చిన్న కాంపాక్ట్ కెమెరా అయితే చాలాసార్లు ఇబ్బంది ఉండదు.

లోపలికి వెళ్లాక మొదటి పని, ఫ్లాష్ ఆపేయడం. దాని వెలుగు కొన్ని మీటర్లకు మించి పోదు, స్టేజీ దాకా అందదు, ముందు వరుసల వాళ్ల తలలు మాత్రం తెల్లగా పడతాయి, పైగా పాడేవాళ్లకు కళ్లలో కొడుతుంది. ఫోకస్ కోసం కెమెరా ముందు వెలిగే చిన్న ఎర్ర లైటు కూడా మెనూలో ఆపేయండి, చాలామంది దాన్ని మర్చిపోతారు.

ఇక అసలు సమస్య వెలుతురు. వెనక అంతా చీకటి, ముఖం మీద ఒక్క స్పాట్‌లైట్. కెమెరాను దాని ఇష్టానికి వదిలేస్తే ఆ చీకటిని చూసి ఫోటో మొత్తాన్ని వెలిగించేస్తుంది, ముఖం కాస్తా తెల్లటి మచ్చలా మిగులుతుంది. అందుకే స్పాట్ మీటరింగ్ (ఫోటోలో ఒక చిన్న చోట వెలుతురును మాత్రమే కొలిచే పద్ధతి) పెట్టి ముఖం మీద వెలుతురు కొలవండి. నేనైతే ఎఫ్ 1.8 లేదా 2.8 (లెన్స్ ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె, అది చిన్నదైతే వెలుతురు ఎక్కువ), షటర్ 1/200 సెకను, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 3200తో మొదలుపెడతాను. డ్రమ్స్ వాయించేవాళ్ల చేతులు స్పష్టంగా రావాలంటే 1/500 అయినా కావాలి. ఎల్ఈడీ లైట్ల వల్ల ఫోటోలో అడ్డచారలు కనిపిస్తే షటర్ స్పీడు కాస్త తగ్గించి చూడండి. ఫైళ్లు రా (RAW, కెమెరా సెన్సర్ పట్టినదాన్ని దాదాపు అలాగే దాచే రకం) ఫార్మాట్‌లో ఉంటే స్టేజీ లైట్ల ఎరుపు, నీలం రంగుల్ని తర్వాత సరిచేసుకోవచ్చు.

స్క్రీన్ వెలుగు బాగా తగ్గించండి, వెనకున్నవాళ్లు కూడా పాట కోసమే వచ్చారు కదా.