వైన్ రుచి పాఠాలు – 7: మెర్సోలో వెన్న ఎక్కడిది, ఓక్ ఎక్కడిది?

ఓక్ చెక్క పీపాలో పెరిగిన షార్డనేను, అంటే ఆ పేరుగల తెల్ల ద్రాక్షతో చేసిన వైన్‌ను, రుచి చూసి, పీపా వల్ల వచ్చిన వాసనలేవో రాయమని గత పాఠంలో అడిగాను. వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ‘వెన్న’ అనే మాటతోనే మొదలయ్యాయి. ‘వెన్న, వెనిలా, పొగ’ అని మూడింటినీ నేనే ఒక్క వాక్యంలో కట్టగట్టి రాశాను కనుక ఆ పొరపాటుకు మూలం నా పాఠమే. అందుకని ఈసారి చెప్పవలసిన పాత వైన్ల సంగతిని పక్కన పెట్టి, ఈ ఒక్క ముడిని విప్పుతాను. గ్లాసు తిప్పడం, వాసన చూడడం వంటివి మళ్లీ చెప్పను.

ఉదాహరణకు మెర్సోను, అంటే ఆ పేరుగల ఊరిలో షార్డనేతో చేసే తెల్ల వైన్‌ను, తీసుకుంటున్నాను. ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతంలో, కోట్ ద బోన్ వాలు మీద, ఎర్ర వైన్‌కు పేరుపడ్డ వోల్నే ఊరికి దక్షిణాన ఉంది ఈ ఊరు. 1937లో దీని పేరుకు చట్టబద్ధమైన గుర్తింపు వచ్చింది. ఊరిలో గ్రాండ్ క్రూ (బర్గండీలో అన్నిటికంటే పై తరగతి) తోట ఒక్కటీ లేదు. పెరియేర్, జెనెవ్రియేర్, షార్మ్ వంటి ప్రీమియర్ క్రూ (దాని తరువాతి తరగతి) తోటలు మాత్రం ఉన్నాయి. పెరియేర్ అన్న పేరే రాతి క్వారీల నుంచి వచ్చింది. నేల సున్నపురాయి, సున్నపు బంకమన్ను. నా మట్టుకు నాకు ప్రీమియర్ క్రూల కంటే వాలు పైభాగాన రాళ్లలో ఉన్న నార్వో, తియ్యే తోటల మామూలు మెర్సోయే ఇష్టం. అందులో పులుపు నిటారుగా నిలబడి ఉంటుంది కనుక నేర్చుకునేవారికీ అదే మేలు.

పక్క ఊరైన పులిన్యీలో భూగర్భజలం పైపైనే ఉండడం వల్ల లోతైన నేలమాళిగలు తవ్వడం కష్టం. మెర్సోలో ఆ ఇబ్బంది లేదు. చల్లని నేలమాళిగలో 228 లీటర్ల పీపాలను రెండో చలికాలం దాకా కదపకుండా ఉంచుకునే వీలు ఇక్కడివారికి అలా దక్కింది.

ఇక అసలు ముడి దగ్గరికి వద్దాం. పులియడం ముగిసిన వైన్‌లో పచ్చి యాపిల్‌లో ఉండే పదునైన మాలిక్ ఆమ్లం మిగిలి ఉంటుంది. పాలను తోడుపెట్టే సూక్ష్మజీవుల కుటుంబానికే చెందిన బాక్టీరియా దానిని మెత్తని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ సమయంలోనే డయాసిటిల్ అనే పదార్థం పుడుతుంది. పెరుగు చిలికి తీసిన వెన్నకు ఆ కమ్మని వాసన ఇచ్చేదీ అదే. ఇందులో చెక్క ప్రమేయం ఏమీ లేదు. స్టీలు ట్యాంకులో ఉంచిన వైన్‌లోనూ ఈ మార్పు జరుగుతుంది, పీపాలో ఉంచినా దీనిని ఆపవచ్చు. కాబట్టి వెన్న వాసన తగలగానే ‘ఓక్’ అని రాసినవారు బాక్టీరియా చేసిన పనిని చెక్కకు కట్టబెట్టారన్నమాట.

చెక్క ఇచ్చేవి వేరే ఉన్నాయి. పీపా లోపలి వైపును నిప్పు మీద కాల్చినప్పుడు వెనిలా, లవంగం, పొగ వాసనలు పైకి తేలుతాయి. ఓక్‌కు సహజంగా ఉన్న కొబ్బరి వాసన సరేసరి. ఇవన్నీ కొత్త పీపాలో బలంగా ఉండి, మూడు నాలుగు పంటలు దాటేసరికి దాదాపు అయిపోతాయి. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది: రసాన్ని పీపాలోనే పులియబెడితే ఈస్ట్ వెనిలిన్‌లో (వెనిలా వాసననిచ్చే పదార్థంలో) కొంత భాగాన్ని వాసన లేని పదార్థంగా మార్చేస్తుంది. అందువల్ల ట్యాంకులో పులియబెట్టి తరువాత పీపాకెత్తిన వైన్ కంటే, మొదటి నుంచీ పీపాలో ఉన్న మెర్సోలోనే చెక్క వాసన తక్కువగా తోస్తుంది. పీపా అడుగున చేరిన ఈస్ట్ మడ్డి ఆ వెన్న వాసనను కూడా నెలల తరబడి తగ్గిస్తూ వస్తుంది. మెర్సోలో వేయించిన బాదంలా తోచే ఆ నిండుతనంలో మడ్డికి పెద్ద వాటా ఉంది. గత పాఠం జవాబుల్లో ‘తియ్యగా ఉంది’ అని రాసినవారు ముక్కు మూసుకుని ఒక గుక్క తాగి చూస్తే చాలు, ఆ తీపి కనిపించదు; అది వాసన వల్ల తోచినదే.

నేను వాడే దగ్గరి దారి ఖాళీ గ్లాసు. డయాసిటిల్ త్వరగా ఎగిరిపోతుంది, వెనిలిన్ అంత తేలికగా ఎగరదు. రాత్రి కడగకుండా వదిలేసిన గ్లాసులో పొద్దున ముక్కు పెడితే వెన్న జాడ ఉండదు. ఎండిన వెనిలా కాయ, చల్లారిన బూడిద వంటి వాసన గాజును పట్టుకుని ఉంటుంది. ఆ మిగిలినదే పీపా.

అభ్యాసం: ఒక మెర్సో, పీపా తగలని ఒక షాబ్లీ (ఇదీ బర్గండీ షార్డనేయే) తెచ్చుకోండి. రెండూ 12 డిగ్రీల దగ్గర ఉండాలి. ఒకే రకం గ్లాసుల్లో 60 మిల్లీలీటర్ల చొప్పున ఇంట్లో ఇంకొకరి చేత పోయించుకుని, ఏది ఏదో వారిని చెప్పవద్దనండి. పోసిన వెంటనే, అరగంటకు, గంటకు, రెండు గంటలకు వాసన చూసి ప్రతిసారీ ఒక్కో గ్లాసుకు ఒక్క వాక్యం రాయండి. గ్లాసులు ఖాళీ చేసి అలాగే వదిలేసి, మర్నాడు పొద్దున పళ్లు తోముకోకముందే ఒక్కోదానికి ఐదవ వాక్యం రాయండి. సీసాలను ఫ్రిజ్‌లో పెట్టుకుని ఇలా వరుసగా మూడు రాత్రులు చేయాలి. మొత్తం ముప్పై వాక్యాలు అవుతాయి. వాటిలో ‘ఓక్’ అన్న మాట పొద్దున రాసిన ఆరు వాక్యాల్లో తప్ప ఇంకెక్కడా ఉండకూడదు.