స్కూలు ఆటల ఫోటోలు తీసి అమ్మాలనుకునే విద్యార్థులకు

ఒక వాలీబాల్ మ్యాచ్‌లో నాలుగైదు వందల ఫోటోలు ఎవరైనా తీసేయగలరు. వాటిలో డబ్బిచ్చి కొనదగ్గవి కొన్నే తేలతాయి. తల్లిదండ్రులు తమ పిల్ల ముఖం స్పష్టంగా కనబడే ఫోటో కోసమే వెతుకుతారు. బంతి ఎక్కడుంది, పాయింటు ఎవరికి వచ్చింది అన్నది ఆ తర్వాతి మాట. ఎక్కడ నిలబడాలి, ఏవి ఉంచాలి, ఫైలుకు ఏం పేరు పెట్టాలి అన్నవన్నీ దీన్నిబట్టే తేల్చుకోవాలి.

కెమెరా తీయకముందే అనుమతి తీసుకోండి. నోటిమాట చాలదు. ప్రధానోపాధ్యాయులకు, పీఈటీకి ఒక పేజీ లేఖ ఇవ్వండి. ఏ మ్యాచ్‌లు తీస్తారు, మైదానంలో ఎక్కడ నిలబడతారు, ఫోటోలు ఎవరికి చూపిస్తారు, ఎలా అమ్ముతారు, స్కూలుకు ఉచితంగా ఏమిస్తారు అన్నవి అందులో ఉండాలి. కెమెరా స్కూలుదైనా, స్కూలు పత్రిక తరఫున తీస్తున్నా ఆ ఫోటోలు అమ్ముకునే హక్కు మీకు ఉండకపోవచ్చు. ఆ సంగతి ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. బయటి టోర్నమెంటుకు వెళ్తే నిర్వాహకులు ఇంకో ఫోటోగ్రాఫర్‌తో ఒప్పందం చేసుకున్నారేమో అడగండి. అలా చేసుకుని ఉంటే అక్కడ మీరు అమ్మకూడదు. మీకు 18 ఏళ్లు నిండకపోతే ఒప్పందం మీద అమ్మో నాన్నో సంతకం పెట్టాలి, డబ్బు కూడా వాళ్ల ఖాతాలోకే రావాలి.

తమ పిల్లల ఫోటోలు తీయవద్దన్న కుటుంబాల జాబితా స్కూలు దగ్గర ఉందేమో తప్పకుండా అడగండి. ఆ పిల్లల జెర్సీ నంబర్లు రాసుకుని, ఫోటోలు ఏరేటప్పుడు వాళ్లు ప్రధానంగా ఉన్నవన్నీ తీసేయండి. కారణం అడగవద్దు. మామూలు అనుమతి ఇంట్లో పెట్టుకునే ప్రింట్ల వరకే పనికొస్తుంది. అదే ఫోటోను ఏ కోచింగ్ సెంటరో ప్రకటనకు అడిగితే, ఆ పిల్లల తల్లిదండ్రుల నుంచి విడిగా లిఖిత సమ్మతి ఉండాలి.

ఇక సామాను. ఖరీదైన లెన్స్ లేదని ఆగిపోవద్దు. పగటిపూట ఆరుబయట మామూలు 55-250 లేదా 70-300 ఎంఎం జూమ్ లెన్స్ సరిపోతుంది. ఇండోర్ స్టేడియంలో మాత్రం ఆ జూమ్‌కు వెలుతురు చాలదు. అక్కడ 85 ఎంఎం ఎఫ్ 1.8 (ఎఫ్ సంఖ్య ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు లోపలికి తెస్తుంది) లాంటి జూమ్ లేని లెన్స్ ఎంతో నయం, పెద్ద 70-200 ఎఫ్ 2.8 కంటే చాలా తక్కువకే వస్తుంది. షట్టర్ స్పీడు పరుగుకు కనీసం సెకనులో 1/500 వంతు, బంతి ఆటలకు 1/1000, బ్యాడ్మింటన్‌కు వీలైతే 1/1600 పెట్టండి. ఐఎస్ఓను, అంటే వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని, ఆటోలో ఉంచి పైహద్దు 6400 చేయండి. ఐఎస్ఓ పెరిగి కాస్త గింజలు, అంటే చుక్కలు, పడ్డ ఫోటోను జనం కొంటారు, కదిలిపోయి మసకబారిన ముఖాన్ని కొనరు. కదిలే మనిషిని వెంటాడే ఫోకస్ కానన్‌లో ఏఐ సర్వో లేదా సర్వో ఏఎఫ్ పేరుతో, నికాన్‌లో, సోనీలో ఏఎఫ్-సీ పేరుతో ఉంటుంది.

ఇండోర్‌లో అందరినీ తికమక పెట్టేది లైట్ల మినుకు. కొన్ని లైట్లు కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి సెకనుకు 100 లేదా 120 సార్లు వెలిగి మసకబారుతుంటాయి. మన కంటికి అది కనబడదు. 1/1000లో వరుసగా పది ఫోటోలు తీస్తే మాత్రం ఒకటి తెల్లగా, ఒకటి పసుపుగా, ఇంకొకటి సగం చీకటిగా వస్తుంది. కెమెరా పాడైందనుకుని సెట్టింగులన్నీ మార్చేయకండి. మెనూలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయండి. లేకపోతే ఫోటోలను రా (RAW) ఫైళ్లుగా తీసి, రంగు తర్వాత సరిచేసుకోండి.

నిలబడే చోటుతోనే సగం పని అయిపోతుంది. పరుగు పందెంలో చాలామంది ముగింపు గీత పక్కన నిలబడతారు. అక్కడ దొరికేది చెవి, భుజం. గీత దాటాక పది పదిహేను మీటర్ల అవతల, లేన్లకు అడ్డం రాకుండా కాస్త పక్కగా, మోకాళ్ల మీద కూర్చుని ఎదురుగా తీయండి. సరిగ్గా గీత తాకే క్షణంలో పరుగెత్తేవాళ్లు ఛాతీ ముందుకు వాల్చి తల దించేస్తారు. అందుకే గీతకు రెండు మూడు అంగల ముందు నుంచే నొక్కడం మొదలుపెట్టాలి. పళ్లు బిగించి, కళ్లు గీత మీద పెట్టి, బుగ్గలు అదురుతూ వచ్చే ఆ ముఖం అప్పుడు దొరుకుతుంది. గీత దాటాక కూడా కెమెరా దించకండి. పక్క లేన్ వైపు తిరిగి చూసి, గెలిచానని తెలుసుకునే చూపు తర్వాతి క్షణంలోనే ఉంటుంది.

లాంగ్ జంప్‌కు ఇసుక గుంట అవతలి చివర, అధికారులు చూపించిన చోట కూర్చోండి. పైకి లేచినప్పటి ముఖం, కింద పడ్డప్పుడు ఎగసే ఇసుక రెండూ అక్కడి నుంచే వస్తాయి. వాలీబాల్‌లో స్మాష్ కొట్టేవాళ్ల ముఖం కావాలంటే నెట్‌కు అవతలి వైపు ఉండాలి. కానీ ఫోకస్ వెళ్లి నెట్ దారాల మీద కూర్చుంటుంది. ఫోకస్ బిందువును నెట్ పై అంచు కంటే ఎత్తులో, ముఖం వచ్చే చోట పెట్టుకుంటే ఆ బాధ తప్పుతుంది. సర్వీస్ చేసేవాళ్లు బంతి పైకి విసిరి కళ్లెత్తే క్షణం ప్రతి క్రీడాకారుడి దగ్గరా దొరికే మంచి ఫోటో, పెద్దగా నైపుణ్యం కూడా అక్కర్లేదు. బాస్కెట్‌బాల్‌కు బోర్డు కింద గీతకు కాస్త పక్కన కూర్చోండి. ఎక్కడైనా ఫ్లాష్ మాత్రం వద్దు. ఆడేవాళ్ల కళ్లు చెదురుతాయి, రిఫరీ మిమ్మల్ని బయటకు పంపిస్తారు.

మ్యాచ్ ముందే జట్టు జాబితా తీసుకోండి: పేరు, జెర్సీ నంబరు. అందరూ స్టార్ ఆటగాడి వెంటే పడతారు, వాళ్ల ఇంట్లో అప్పటికే బోలెడు ఫోటోలు ఉంటాయి. పది నిమిషాలే ఆడే సబ్‌స్టిట్యూట్ పిల్లవాడికి ఒక్క మంచి ఫోటో కూడా ఉండదు, వాళ్లమ్మ దాన్ని ఆనందంగా కొనుక్కుంటుంది. విరామంలో జాబితా తీసి ఎవరి ముఖం ఇంకా రాలేదో టిక్కులు పెట్టి చూసుకోండి. బెంచీ మీదివాళ్లనూ వదలొద్దు. ఓడినవాళ్లు ఏడుస్తున్న ఫోటోలు దగ్గరగా తీసి అమ్మకానికి పెట్టడం నాకు ససేమిరా నచ్చదు. అవి ఆ పిల్లల సొంత క్షణాలు.

ఇంటికి రాగానే కార్డును రెండు చోట్ల కాపీ చేయండి, ఆ రెండూ తెరిచి చూసేదాకా కార్డు ఫార్మాట్ చేయకండి. తర్వాత ఏరివేత. కళ్లు మూసుకున్నవి, ముఖానికి చెయ్యి అడ్డం వచ్చినవి, బట్టలు ఇబ్బందికరంగా తొలగినవి మొదట తీసేయండి. ఒక్కొక్కరికి నాలుగు నుంచి ఎనిమిది ఉంచితే చాలు. ఒకేలాంటివి ముప్పై చూపిస్తే ఏది కొనాలో తేలక అసలే కొనరు. ఫైలు పేరులో తేదీ, ఆట, జెర్సీ నంబరు, వరుస సంఖ్య ఉండాలి. పిల్లల పేర్లు మాత్రం పెట్టకండి, లింకు ఎవరి చేతికి వెళ్తుందో చెప్పలేం.

గ్యాలరీకి పాస్‌వర్డ్ పెట్టండి, లింకును స్కూలు ద్వారానే తల్లిదండ్రులకు పంపించండి. చూపించే ఫోటోల పొడవు వైపు 1000 పిక్సెళ్లు దాటకూడదు. మీ పేరు ఛాతీ మీదుగా లేతగా వేయండి. మూలలో వేస్తే కత్తిరించేస్తారు, ముఖం మీద వేస్తే ఫోటో చూడబుద్ధి కాదు. మ్యాచ్ అయిన రెండు రోజుల్లోపే లింకు వెళ్లిపోవాలి. ఆట గురించి ఇంట్లో మాట్లాడుకుంటున్నప్పుడే ఆర్డర్లు వస్తాయి, ఆలస్యమైతే ఆ ఉత్సాహం ఉండదు. ఆర్డర్లకు చివరి తేదీ ఒకటి పెట్టి, అన్నీ కలిపి ఒకేసారి ప్రింట్లు వేసే ల్యాబ్‌కు ఇవ్వండి.

ప్రింట్ సైజుల దగ్గర చాలామంది దెబ్బతింటారు. చాలా కెమెరాల ఫోటో 3:2 నిష్పత్తిలో ఉంటుంది. 4×6, 8×12, 12×18 అంగుళాల ప్రింట్లకు అది అతికినట్టు సరిపోతుంది. 8×10 అడిగితే మాత్రం పొడవులో రెండు అంగుళాలు కోతపడి, ఎత్తిన చెయ్యో కాలో పోతుంది. ముందే ఆ కొలతలో కత్తిరించి చూపించి ఒప్పించుకోండి. అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన 8×12కు 2400×3600 పిక్సెళ్లు కావాలి. 24 మెగాపిక్సెల్ ఫోటోలో సగం వెడల్పు, సగం ఎత్తు ముక్క తీస్తే మిగిలేది 3000×2000 మాత్రమే. ఆ కోత 4×6కు హాయిగా వస్తుంది, 12×18కు ఒప్పుకోకండి. ఫైళ్లు ఎస్ఆర్‌జీబీ (sRGB, ల్యాబులు మామూలుగా వాడే రంగుల పద్ధతి) జేపెగ్‌లుగా ఇవ్వండి. అడోబ్ ఆర్‌జీబీలో ఇస్తే చాలా ల్యాబుల్లో చర్మం రంగు వెలిసిపోతుంది.

ధర కాగితం మీద లెక్కేసి పెట్టాలి. ఒక ప్రింట్‌కు ల్యాబ్ ఖర్చు 10 అనుకోండి. కవరు, అట్ట 3, చెల్లింపు రుసుము 1, పాడైనవి మళ్లీ వేయించడానికి 1. మొత్తం 15. 20కి అమ్మితే 5 మిగిలినట్టు కనబడుతుంది. ఒక్కో ఆర్డరుకు 12 నిమిషాలు పడితే గంటకు మిగిలేది 25, అందులో మ్యాచ్ దగ్గర నిలబడ్డ రెండు గంటలు లేనే లేవు. స్కూలుకు పది శాతం ఇస్తామని ఒప్పుకుంటే అది అమ్మకం మీదా, లాభం మీదా అన్నది రాసుకోండి. అమ్మకం మీదైతే ఆ 5లో 2 పోయి 3 మిగులుతుంది. డిజిటల్ ఫైలుకు ప్రింట్ ఖర్చు లేదని చవగ్గా ఇవ్వడం పొరపాటు. ఆ ఫైలు చేతికొచ్చాక వాళ్లు మళ్లీ ప్రింట్ కొనరు, కాబట్టి ఫైలు ధర పెద్ద ప్రింట్ ధర కంటే తక్కువ ఉండకూడదు. ఒక క్రీడాకారుడి ఫోటోలన్నీ కలిపి ఒకే ధరకు ఇవ్వడం అందరికీ అనుకూలం.

డబ్బు అందాకే ప్రింట్ వేయించండి. ఆర్డరు పుస్తకంలో తేదీ, ఫైలు పేరు, సైజు, అందిన మొత్తం, ఇచ్చిన రోజు రాయండి. ఫైలు వాట్సాప్‌లో పంపాల్సి వస్తే ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే అది కుదించుకుపోయి ప్రింట్‌కు పనికిరాదు. ప్రింట్లు వచ్చాక ఒక్కొక్కటీ కిటికీ వెలుతురులో చూసి, గీతలు ఉన్నవి పక్కన పెట్టి మీ ఖర్చుతోనే మళ్లీ వేయించండి. అట్ట దన్ను పెట్టి, కవరు మీద క్రీడాకారుడి పేరు, తరగతి, సెక్షన్ రాసి ఇస్తే ఆఫీసులో ఎవరి కవరు ఎవరికో వెళ్లిపోదు.