ఏథెన్స్ వెళ్లినవాళ్లకి ఒక్క రోజు దీవి: ఏజినాకి ప్లాన్ ఇలా వేసుకోండి

మ్యూనిక్‌లో మా తెలుగువాళ్లు ఎండాకాలం సెలవుల ముందు నన్ను అడిగేది ఒకటే: "ఏథెన్స్‌లో మూడు రోజులు ఉంటున్నాం, ఒక రోజు శాంటోరినీ చూసొచ్చేయొచ్చా?" వద్దండీ. పిరేయస్ రేవు నుంచి శాంటోరినీకి స్పీడు పడవలోనే ఐదు గంటల దాకా పడుతుంది, పెద్ద ఫెర్రీలో ఏడెనిమిది. రానూపోనూ లెక్కేసుకుంటే రోజంతా సీట్లోనే గడిచిపోతుంది. మికోనోస్, నాక్సోస్ దానికన్నా దగ్గరే గానీ, అక్కడ రాత్రి ఉండకుండా తిరిగొచ్చేస్తే పెట్టిన డబ్బుకి చూసినదానికి పొంతన ఉండదు. ఉన్నది ఒక్క రోజే అయితే ముందు తిరుగు పడవలు ఎన్ని ఉన్నాయో చూడండి. దీవి సంగతి ఆ తర్వాత.

ఆ లెక్కన నా ఓటు ఏజినాకి. పిరేయస్ నుంచి స్పీడు పడవలో నలభై నిమిషాలు, పెద్ద ఫెర్రీలో గంటంపావు. ఎండాకాలంలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా పడవలు తిరుగుతూనే ఉంటాయి. హైడ్రా ఇంకా అందంగా ఉంటుంది, కార్లే తిరగని దీవి, ఒప్పుకుంటాను. కానీ అది దూరం, టికెట్టు ఖరీదు, పైగా అంతా రాళ్లు పరిచిన ఎగుడుదిగుడు దారులు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే ఏజినాయే నయం. తెనాలి నుంచి వచ్చిన మా అత్తయ్యగారిని, మామయ్యగారిని తీసుకెళ్లిన అనుభవంతోనే ఇదంతా చెబుతున్నాను.

వీసా గురించి ఒక్క మాట. అమ్మానాన్నలు జర్మనీ ఇచ్చిన షెంగెన్ వీసా మీద వచ్చి ఉంటే గ్రీసుకి విడిగా ఏమీ అక్కర్లేదు. గడువు తేదీ, ఉండనిచ్చే రోజుల లెక్క చూసుకుని, పాస్‌పోర్టు వెంట ఉంచుకుంటే చాలు.

అసలు ప్లాను ఇక్కడ మొదలవుతుంది. దీవికి వెళ్లే రోజుని ఎప్పుడూ ఆఖరి రోజు పెట్టుకోకండి. మర్నాడు పొద్దున విమానం ఉంటే కూడా నేనైతే ఆలోచిస్తాను. జులై, ఆగస్టు నెలల్లో ఏజియన్ సముద్రం మీద ఉత్తరపు గాలి వీస్తుంది, మెల్తెమి అంటారు. గాలి మరీ ముదిరితే రేవు అధికారులు పడవల్ని బయల్దేరనివ్వరు. ఏజినా ఉన్న సరోనిక్ అఖాతం కొంత చాటుగా ఉంటుంది కాబట్టి ఇక్కడ ఆ బెడద తక్కువ, కానీ అసలు ఉండదని కాదు. గాలి లేకపోతే సమ్మె. మే 1న గ్రీసులో పడవలు ఆగిపోవడం కొత్తేమీ కాదు, ఆ తేదీ తగిలితే తప్పించుకోండి. మూడు రోజుల్లో నడిమి రోజుని దీవికి ఉంచితే, ఆ రోజు కుదరకపోయినా అక్రోపోలిస్‌ని ముందుకి లాగి దీవిని మర్నాటికి జరుపుకోవచ్చు.

రెండో సంగతి, ఆఖరి పడవ మీద ఆశ పెట్టుకోకండి. దాని ముందు పడవే మీ పడవ అనుకోండి. అది తప్పితే ఎక్కడానికే ఆఖరిది.

పిరేయస్‌కి మెట్రోలో వెళ్లడం తేలిక. మొనాస్టిరాకి నుంచి ఆకుపచ్చ లైను, సింటాగ్మా నుంచి నీలం లైను, రెండూ రేవు దగ్గరికే వస్తాయి. నీలం లైను విమానాశ్రయం నుంచి నేరుగా వస్తుంది, గంట పడుతుంది. రద్దీ పెట్టెలో పర్సు ముందు జేబులో, హ్యాండ్‌బ్యాగు పొట్ట మీద ఉండాలి. స్టేషన్ బయట సముద్రం వైపు నిలబడితే మీ గేటు ఎడమ చేతి వైపు ఉంటుంది, నంబరు ఈ8. పది నిమిషాల నడక. పిరేయస్ చాలా పెద్ద రేవు, గేటు నంబరు తెలీకుండా వెళ్తే ఎండలో తిరగడంతోనే పని సరి. టికెట్టు కౌంటర్లు గేటు దగ్గరే ఉంటాయి. మామూలు రోజుల్లో అప్పటికప్పుడు దొరుకుతాయి. శనాదివారాలు, ఆగస్టు నెల అయితే ముందు రోజే ఆన్‌లైన్‌లో తీసుకోండి. పడవలో అనౌన్స్‌మెంటు ఎయినా అని వినిపిస్తుంది, కంగారు పడకండి, మనదే.

ఏ పడవ? వెళ్లేటప్పుడు పెద్ద ఫెర్రీ ఎక్కండి. చవక, పై డెక్కు మీద గాలికి కూర్చోవచ్చు, లంగరేసి ఉన్న ఓడలన్నీ చూస్తూ వెళ్లొచ్చు. స్పీడు పడవలో అద్దాల వెనక కూర్చోవాల్సిందే, అలలుంటే కడుపులో తిప్పేస్తుంది. వచ్చేటప్పుడు అందరూ అలిసిపోయి ఉంటారు, అప్పుడు డబ్బు పెట్టి స్పీడు పడవ తీసుకున్నా తప్పులేదు. మా అత్తయ్య మాత్రం డెక్కు మీద చెంగు సర్దుకుంటూ, "ఈ మాత్రం సముద్రానికి సూర్యలంక పోయినా సరిపోయేది కదమ్మా" అన్నారు. గంట తర్వాత ఆవిడే రైలింగు దగ్గర్నుంచి కదల్లేదు.

దిగగానే తిండి జోలికి, షాపుల జోలికి పోకండి. రేవు పక్కనే బస్టాండు ఉంది, ముందు అక్కడికి వెళ్లి అఫాయా అనే పాత గ్రీకు దేవత గుడికి బస్సు ఎప్పుడో, తిరుగు బస్సు ఎప్పుడో బోర్డుని ఫోనులో ఫొటో తీసుకోండి. బస్సులు గంటగంటకీ ఉండవు, చలికాలంలో మరీ తక్కువ. అగియా మరీనా అనే బీచి ఊరికి వెళ్లే బస్సే గుడి దగ్గర ఆపుతుంది, అరగంట ప్రయాణం. నలుగురుంటే టాక్సీ కూడా ఆలోచించదగ్గదే. ఎక్కే ముందే రేటు అడగండి.

గుడి క్రీస్తు పూర్వం 500 ప్రాంతంలో కట్టింది, ఏథెన్స్ పార్థెనాన్ కంటే పాతది. పైన్ చెట్ల గుట్ట మీద సున్నపురాయి స్తంభాలు ఇరవైకి పైగా ఇంకా నిలబడే ఉన్నాయి. జనం తక్కువ, రెండు వైపులా సముద్రం. కానీ గుడి నుదుటి మీద, అంటే స్తంభాల పైన కప్పు కింది త్రికోణంలో, ఉండాల్సిన పాలరాతి బొమ్మలు అక్కడ లేవు. 1811లో కొందరు యూరప్ యాత్రికులు తవ్వి తీస్తే, మరుసటి ఏడు బవేరియా యువరాజు లుడ్విగ్ కొనేశాడు. అవి ఇప్పుడు మా మ్యూనిక్‌లో, క్యోనిగ్స్‌ప్లాట్జ్ పక్కన గ్లిప్టోథెక్‌లో ఉన్నాయి. తర్వాత ఆ లుడ్విగ్ కొడుకు ఒట్టోనే గ్రీసుకి మొదటి రాజయ్యాడు, అదో కథ. అందుకే జర్మనీలో ఉన్నవాళ్లకి నా సలహా: వెళ్లే ముందు ఒక ఆదివారం గ్లిప్టోథెక్‌కి వెళ్లిరండి. పడమటి వైపు బొమ్మల్లో ప్రాణం పోతున్న వీరుడు గుండెల్లో దిగినదాన్ని లాక్కుంటూ చిరునవ్వు నవ్వుతుంటాడు. తూర్పు వైపు వీరుడు డాలు మీద ఒరిగిపోతూ ఉంటాడు, ఆ ముఖంలో నవ్వు లేదు. ఒకే గుడికి చెక్కిన బొమ్మలు, మధ్యలో కొద్ది ఏళ్ల తేడాతో శిల్పి చూపు ఎంత మారిందో తెలుస్తుంది. ఇది చూసి వెళ్తే అక్కడి ఖాళీ గుడి ముందు నిలబడి ఎక్కడ ఏముండేదో మీకు మీరే నింపుకోగలరు. మామయ్యగారు మాత్రం "మనవాళ్ల అమరావతి పాలరాళ్లు లండన్‌లో ఉన్నట్టే" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

గుడి నుంచి అగియా మరీనా బీచికి చెట్ల మధ్య కాలిబాట ఉంది, కుర్రాళ్లయితే దిగొచ్చు. పెద్దవాళ్లతో బస్సే మేలు. తిరుగు దారిలో సెయింట్ నెక్టారియోస్ మఠం తగులుతుంది. 1920లో కన్నుమూసిన బిషప్పు ఆయన, 1961లో సెయింటుగా ప్రకటించారు. భక్తులు ఆయన సమాధికి చెవి ఆనించి వింటారు. భుజాలు, మోకాళ్లు కప్పుకుని వెళ్లాలి, మన చున్నీ ఇలాంటి చోట అక్కరకొస్తుంది. బస్సుల వేళ కుదరకపోతే దీన్ని వదిలేయండి.

మధ్యాహ్నానికి ఊళ్లోకి వచ్చేయండి. శాకాహారులకి గ్రీసులో ఇబ్బంది లేదు, అడగడం తెలియాలి అంతే. నిస్తీసిమా ఏముందని అడగండి. వాళ్లు ఉపవాస దినాల్లో తినే వంటకాలవి, మాంసం, గుడ్డు, పాలు ఉండవు. ఆక్టోపస్, రొయ్యలు మాత్రం వాళ్ల లెక్కలో ఉపవాసానికి అడ్డు కావు, ఆ మాట ముందే చెప్పేయండి. గిగాండెస్ అంటే టమాటా పులుసులో ఉడికిన పెద్ద చిక్కుడు గింజలు, బ్రియాం అంటే వంకాయ, బంగాళాదుంప, గుమ్మడి జాతి కూరగాయలు నూనెలో ఓవెన్‌లో మగ్గించింది, ఫావా అంటే పప్పు ముద్ద. గెమిస్తా అంటే అన్నం కూరిన టమాటా, క్యాప్సికం, అందులో కీమా కలిపారేమో అడిగి తినండి. కారం చాలకపోతే బూకోవో తెమ్మంటే ఎండుమిర్చి పలుకులు తెచ్చిస్తారు. అత్తయ్యగారి హ్యాండ్‌బ్యాగులో గోంగూర సీసా ఎలాగూ ఉందనుకోండి. చేపలు తినేవాళ్లకి రేవు వెనక సందులో చేపల బజారు ఉంది, పక్కనే కాల్చి పెట్టే చిన్న హోటళ్లున్నాయి.

మిగిలిన రెండు మూడు గంటలకి రెండు దారులు. ఈత కావాలంటే కోలోనా బీచి నడిచే దూరంలోనే ఉంది, పక్కనే అపోలో గుడిలో మిగిలిన ఒంటి స్తంభం. రాళ్ల మీద సీ అర్చిన్ అనే సముద్రపు జీవి ముళ్లుంటాయి, నీళ్లలో వేసుకునే చెప్పులు తెచ్చుకోండి. ఈత వద్దనుకుంటే రేవు గట్టున కాఫీ. 1828లో కొత్త గ్రీసుకి ఈ చిన్న ఊరే రాజధాని అంటే నమ్మబుద్ధి కాదు.

పిస్తాలు మాత్రం పడవెక్కే ముందే కొనండి, పొద్దున్నే కొని రోజంతా మోయకండి. ఏజినా పిస్తాకి యూరప్‌లో మన జీఐ ట్యాగు లాంటి గుర్తింపు ఉంది, ఈ పేరు ఇంకెవరూ పెట్టుకోకూడదు. రైతుల సహకార సంఘం వాళ్ల దుకాణం రేవు గట్టు మీదే ఉంది. కిలో ఇరవై యూరోల పైమాటే, బేరం ఉండదు. ఆగస్టు చివర, సెప్టెంబరులో కోత, అప్పుడైతే కొత్త పంట. నంజుకోవడానికి ఉప్పు వేసి వేయించినవి తీసుకోండి. ఇండియాకి పంపి బర్ఫీలోకి, పాయసంలోకి వాడాలంటే ఉప్పు లేనివి అని అడిగి మరీ తీసుకోండి, రెండు ప్యాకెట్లూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి.